సర్వరు తాళంచెవి ఎవరి చేతిలో?

మన వాడల్లో ముసలమ్మలకు కూడా తెలిసిన ఇంగ్లీషు మాట ఒకటుంది: 'సర్వర్ డౌన్'. రేషన్ షాపులో వేలు పెడితే సర్వర్ డౌన్. స్కాలర్‌షిప్ ఫారం నింపబోతే సర్వర్ డౌన్. కులం సర్టిఫికెట్ కోసం మీసేవకు పోతే సర్వర్ డౌన్. ఒకప్పుడు 'దొరగారు నిద్రపోతున్నారు, రేపు రా' అని తిప్పి పంపేవాళ్లు. ఇప్పుడు దొర పేరు మారింది. నిజంగా పడిపోయింది సర్వరో, నెట్టో, వేలిముద్ర మెషీనో అడిగే నోరు క్యూలో నిలబడ్డవాళ్లకు లేదు. చెప్పే తెలివిడి కౌంటర్లో కూర్చున్నవాడికీ లేదు.

అయితే పడిపోయిన సర్వరును ఎవరో ఒకరు లేపుతూనే ఉన్నారు కదా! వాళ్లెవరు? ఆ పని ఎక్కడ నేర్చుకున్నారు? మన పిల్లలకు దాన్ని ఎవరు నేర్పుతున్నారు, ఎట్లా నేర్పుతున్నారు? ఇది మాట్లాడుకోవాల్సిన అవసరం ఇప్పుడుంది. డిగ్రీలు, బీటెక్కులు పాసైన మన పిల్లలు ప్రతి ఏడాదీ సంచి భుజానేసుకుని హైదరాబాదు అమీర్‌పేటలో దిగుతున్నారు. లైనక్స్ అడ్మిన్, వెబ్‌లాజిక్ అడ్మిన్, శాప్ బేసిస్, క్లౌడ్, డెవాప్స్ అని రాసి ఉన్న బోర్డుల కింద అప్పు తెచ్చిన డబ్బులు కడుతున్నారు. మూడు నెలల తర్వాత చాలామంది చేతికొచ్చేది ఒక సర్టిఫికెట్టు, ఒక కట్ట జిరాక్సులు. పని మాత్రం చేతికి రావడం లేదు.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. సర్వర్ పని చూస్తే రాదు. చెడగొట్టి బాగుచేస్తే వస్తుంది. చెడగొట్టడానికి ఒక మెషీను, చెడగొట్టే హక్కు, ఈ రెండూ ఇవ్వని ట్రైనింగు ట్రైనింగే కాదు.

ఇంతకీ ఆ పనేమిటి?

సర్వరంటే ఆకాశంలో దేవుడేమీ కాదు. అదొక కంప్యూటరు. మన టేబుల్ మీది కంప్యూటరు మనకొక్కరికే పలుకుతుంది, అది వేలమందికి ఒకేసారి జవాబు చెబుతుంది. 'క్లౌడ్' అని ముద్దుపేరు పెట్టినా, అదీ ఎవరో ఒకరి బిల్డింగులో కరెంటు బిల్లు కట్టి, ఏసీలు వేసి నడిపే మెషీన్లే. 2022 నవంబర్‌లో అమెజాన్ తన క్లౌడ్‌కు హైదరాబాద్‌లో ఒక రీజియన్ తెరిచింది. అంటే ఆ మబ్బు మన నేల మీదే ఉంది. ఇట్లాంటి బిల్డింగులు కట్టేటప్పుడు తట్ట మోసింది మనవాళ్లే. గేటు దగ్గరా, చీపురు దగ్గరా ఉండేది మనవాళ్లే. లోపల కీబోర్డు ముందు ఎంతమందిమి ఉన్నామన్నదే ప్రశ్న.

ఒక కంపెనీ జీతాలు, సరుకు, బిల్లులు చూసుకునే అప్లికేషన్‌ను తీసుకుందాం. దాన్ని హోటల్‌తో పోల్చవచ్చు. ముందు కౌంటరు ఉంటుంది, అది వెబ్ సర్వర్. ఎన్‌జిన్‌ఎక్స్, అపాచీ లాంటివి ఆ పని చేస్తాయి. వెనక వంటిల్లు అప్లికేషన్ సర్వర్. టామ్‌క్యాట్, వెబ్‌లాజిక్ పేర్లు అమీర్‌పేట గోడల మీద కనిపించేది అందుకే. ఆ వెనక సరుకు గది డేటాబేస్. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ లాంటివి. ఈ మూడూ నిలబడే నేల లైనక్సో, విండోసో. కౌంటరు తెరిచి ఉన్నా సరుకు గది తాళం రాకపోతే హోటలు నడవదు. నాలుగింటినీ తెరిచి ఉంచడం, ఎవరు ఏ గదిలోకి పోవచ్చో చూడటం, రాత్రి పూట సరుకు లెక్క రాసి ఇంకోచోట భద్రపరచడం అడ్మిన్ పని.

పేరు గొప్పగా ఉంటుంది గానీ రోజువారీ పని మోటారు మెకానిక్కు పని లాంటిదే. డిస్కు నిండిపోయి అప్లికేషన్ ఆగిపోతుంది. ఎందుకు నిండిందని చూస్తే లాగ్ ఫైళ్లు నెలల తరబడి ఎవరూ తీయలేదు. ఇంకోరోజు సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు ముందు రాత్రే అయిపోయి ఉంటుంది. మరోరోజు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చినవాడు దాన్ని అప్లికేషన్ ఫైల్లో మార్చడం మరిచి ఉంటాడు. లక్షణం ఒకటే: 'సైటు పనిచేయడం లేదు.' కారణాలు వంద. లక్షణం నుంచి కారణానికి పోయే దారి తెలిసినవాడే పనివాడు.

2024 జులై 19న ఏం జరిగిందో గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన ఒక చెడ్డ అప్‌డేట్ వల్ల దేశదేశాల్లో కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూలబడ్డాయి. 85 లక్షల విండోస్ మెషీన్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్టే అంచనా వేసింది. మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వాటిని బాగుచేసిందెట్లా? చాలాచోట్ల మనుషులు ఒక్కో మెషీన్ దగ్గరికి పోయి, సేఫ్ మోడ్‌లో లేపి, ఆ చెడ్డ ఫైలు తీసేశారు. ఎంత ఆటోమేషన్ వచ్చినా ఆఖరికి చెయ్యి పెట్టేవాడు కావాల్సి వచ్చింది.

చేతిపని అంటే ఈ దేశంలో నీచపు పని. తోలు పని, మగ్గం పని, నాగలి పని చేసినవాళ్లకు దక్కిన మర్యాద మనకు తెలుసు. ఈ ఒక్క చేతిపనికి మాత్రం జీతమూ గౌరవమూ ఉన్నాయి. ఇంకేముంది, దానికి 'మెరిట్' అని పేరు పెట్టి గుళ్లో పెట్టేశారు.

అమీర్‌పేట ఏం నేర్పుతోంది?

అమీర్‌పేటను ఊరికే తిట్టిపోయడం మా ఉద్దేశం కాదు. మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో చదివి ఉద్యోగాలు పట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. పెద్ద కాలేజీ పేరు లేనివాడికి, క్యాంపస్ ఇంటర్వ్యూ మొహం చూడనివాడికి తలుపు తీసింది అదే. కష్టమైన కంప్యూటర్ సంగతుల్ని తెలుగు కలిపి చెబితే అర్థమవుతాయని విశ్వవిద్యాలయాలు ఒప్పుకోకముందే అమీర్‌పేట చేసి చూపించింది. ఆ మేలు మరవకూడదు.

కానీ ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నదేమిటి? ఒక హాల్లో వందమంది. సారు తన ల్యాప్‌టాప్‌లో కమాండ్లు కొడుతుంటే గోడ మీద తెర చూస్తూ పిల్లలు నోట్సు రాసుకోవాలి. ల్యాబ్ ఉందంటారు, దానికి వేరే ఫీజు. పరీక్ష కోసం ప్రశ్నలూ జవాబులూ 'డంప్స్' అని బట్టీ పట్టిస్తారు. బావి గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంది. మేం బళ్లో ముప్పై మంది పిల్లలకు ఎక్కాలు నేర్పేవాళ్లం. బట్టీ పట్టిన ఎక్కం లెక్క దగ్గర ఎట్లా తెల్లమొహం వేస్తుందో మాకు తెలుసు.

శాప్ బేసిస్ సంగతి చూడండి. శాప్ జర్మనీ కంపెనీ. 1972లో ఐబీఎంలో పనిచేసి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు పెట్టారు. పెద్ద పెద్ద కంపెనీల లెక్కలన్నీ దాని సాఫ్ట్‌వేర్ మీద నడుస్తాయి. ఆ సర్వర్లను చూసుకునే పనే బేసిస్. పని ఉన్నమాట నిజమే. పాత ఈసీసీ వెర్షన్లకు మామూలు మెయింటెనెన్స్ 2027 చివరితో ఆపేస్తామని కంపెనీ ప్రకటించింది. కాబట్టి కంపెనీలు కొత్త ఎస్4 హానాకు మారుతున్నాయి. మార్చే చేతులు కావాలి.

ఇంతవరకూ చెప్పి ఫీజు తీసుకుంటారు. చెప్పని మాటొకటుంది. హానా డేటాబేస్ నడిచేది లైనక్స్ మీదే, సూసే గానీ రెడ్‌హ్యాట్ గానీ. లైనక్స్ రానివాడికి బేసిస్ నేర్పడమంటే పునాది లేకుండా పై అంతస్తు కట్టడమే. పైగా దానికి పెద్ద మెమరీ ఉన్న మెషీను కావాలి, మన పిల్లల పాత ల్యాప్‌టాప్ మోయదు. అందుకని 'సర్వర్ యాక్సెస్' అని నెలకింత అద్దెకిస్తారు. డబ్బులున్నవాడు ఆరు నెలలు తీసుకుని తిప్పలు పడి నేర్చుకుంటాడు. మనవాడు ఒక నెల తీసుకుని, యూజర్‌ను తయారుచేయడానికి ఎస్‌యూ01, బ్యాక్‌గ్రౌండ్ జాబులు చూడటానికి ఎస్‌ఎం37 అని ఎక్కాల్లాగా అప్పజెబుతాడు. ఆ జాబు ఎందుకు ఆగిందని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు.

మా దగ్గర పదో తరగతి చదివిన ఒక అమ్మాయి, తల్లి పొదుపు సంఘంలో తెచ్చిన ముప్పై వేలు అట్లా ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కట్టింది. కోర్సు అయిపోయేసరికి ఆ అమ్మాయి సొంతంగా ఒక్క సర్వర్‌ను కూడా ఆపి మళ్లీ లేపలేదు. 'ఆపితే మిగతావాళ్ల ప్రాక్టీసు పోతుంది, ముట్టుకోవద్దు' అన్నారట. ముట్టుకోవద్దు! ఈ మాట మనకు కొత్తా?

ఇక దొంగ అనుభవం వ్యాపారం. 'మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ మేం పెట్టిస్తాం' అంటారు. పట్టుబడితే మునిగేది ఎవరు? మేనేజరు మేనమామ అయినవాడు ఎట్లాగో ఒడ్డున పడతాడు. కంపెనీలో చుట్టం లేని మన పిల్లవాడి పేరు మీద మాత్రం చెరగని మచ్చ పడుతుంది. పని వచ్చినవాడికి అబద్ధం అవసరం లేదు. పని నేర్పనివాడికే అబద్ధం అమ్ముకునే అవసరం.

తప్పు చేసే హక్కు

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు డేటాబేస్ రిపేరు చేస్తూ, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటా తుడిచేశాడు. అసలైన డేటాబేస్ అది. బ్యాకప్‌లు ఐదు రకాలుగా ఉన్నాయనుకున్నారు. చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల కిందట చేత్తో తీసిపెట్టిన కాపీ ఒకటి ఉంటే దాంతో లేపారు. మధ్యలో ఆరు గంటల డేటా పోయింది. ఆ కంపెనీ ఏం చేసింది? జరిగిందంతా లోకానికి రాసి చెప్పింది. ఆ ఇంజనీరు పేరు బయటపెట్టలేదు, ఉద్యోగం తీయలేదు. బ్యాకప్ పద్ధతి మార్చుకుంది.

ఈ రంగంలో పని అట్లా నేర్చుకుంటారు. తప్పు చేస్తారు, ఎందుకు జరిగిందో రాస్తారు, మళ్లీ జరగకుండా కట్టడి చేస్తారు. మరి అదే తప్పు మనవాడు చేస్తే? 'కోటా సరుకు' అంటారు. ఆ ఒక్కడి తప్పు జాతి మొత్తం మీద వేస్తారు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడు పదేళ్ల వయసులోనే దాన్ని పదిసార్లు పాడుచేసి పదిసార్లు బాగుచేస్తాడు. వాళ్ల నాన్న నవ్వి ఊరుకుంటాడు. మనవాడికి ఇంట్లో మెషీను లేదు. బళ్లో ల్యాబు సామాను పగులుతుందని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. కాలేజీ ల్యాబు ఇన్‌స్పెక్షన్ రోజున తెరుచుకుంటుంది. ఇన్‌స్టిట్యూట్‌లో ముట్టుకోవద్దంటారు. ఇట్లా ఇరవై రెండేళ్లు తప్పు చేయనివ్వకుండా పెంచి, చివరికి 'ప్రాక్టికల్ నాలెడ్జ్ లేదు' అంటారు.

ఉద్యోగం దొరికినా కథ తీరదు. ఈ పనిలో ఎల్1, ఎల్2, ఎల్3 అని మెట్లున్నాయి. ఎల్1 వాడు రాత్రంతా తెర చూస్తూ ఎర్ర దీపం వెలిగితే టికెట్ రాసి పై మెట్టుకు పంపాలి. తను ముట్టుకోకూడదు. 'రూట్' అంటే ఆ మెషీను మీద సర్వాధికారం. ఆ పాస్‌వర్డ్ పై మెట్టువాళ్ల దగ్గరే ఉంటుంది. మొదట్లో కొన్నాళ్లు అక్కడ ఉండటం తప్పు కాదు. అక్కడే ఏళ్లు గడిచిపోవడం ప్రమాదం. ఎందుకంటే తెర చూసి టికెట్ రాసే పని ఇప్పుడు ప్రోగ్రాములే చేస్తున్నాయి. ముందు ఊడేది ఆ కింది మెట్టే. బాబాసాహెబ్ 1936లోనే కులం పనులను కాదు, పనిచేసే మనుషులను అంతస్తులుగా విడదీస్తుందని తేల్చిచెప్పాడు. ఏసీ గదిలో కూడా ఆ మెట్లు కనబడుతుంటే ఆశ్చర్యమెందుకు?

ప్రైవేటులో కులం లేదనేవాళ్లు 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అచ్చేసిన పరిశోధన చదవాలి. ఒకే చదువు, ఒకే అర్హత ఉన్న దరఖాస్తులు వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపారు. అగ్రకులం పేరుతో పోలిస్తే దళితుడి పేరుకు పిలుపు వచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే అని తేలింది. పేరు చూసి వెనక్కి నెట్టే తలుపు దగ్గరికి మన పిల్లల్ని ఉత్త సర్టిఫికెట్టుతో పంపితే చాలదు. చేతిలో తిరుగులేని పని ఉండాలి. అది ఉంటే కులం పోతుందని మేం అనం. కాదనడానికి వాళ్లకొక సాకు తగ్గుతుంది.

ట్రైనింగంటే ఇట్లా ఉండాలి

దీనికి లక్షలు అక్కర్లేదు. 1991లో ఫిన్లాండ్‌లో లీనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన లైనక్స్ ఇవాళ ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కంపెనీలు వాడే రెడ్‌హ్యాట్‌కు దగ్గరగా ఉండే రాకీ, ఆల్మా లైనక్స్‌లు ఉచితం. టామ్‌క్యాట్, ఎన్‌జిన్‌ఎక్స్, పోస్ట్‌గ్రెస్ ఉచితం. 8 జీబీ మెమరీ ఉన్న పాత మెషీను ఒకటుంటే, వర్చువల్‌బాక్స్ వేసి దానిలోనే మూడు చిన్న సర్వర్లు నిలబెట్టవచ్చు. ఒకటి కౌంటరు, ఒకటి వంటిల్లు, ఒకటి సరుకు గది. చెడిపోతే 'స్నాప్‌షాట్' నుంచి నిమిషంలో వెనక్కి తేవచ్చు. అంటే ఎన్నిసార్లు పగలగొట్టినా పగలని ల్యాబు ఇది.

మొదటి నెల మూడింటినీ కట్టి, ఒక చిన్న అప్లికేషన్ నడిపించాలి. రెండో నెల నుంచి సారు పని చెడగొట్టడం, పిల్లల పని కనిపెట్టడం. ఒకరోజు డిస్కు నింపేయాలి. ఒకరోజు ఫైలు హక్కులు మార్చేయాలి. ఒకరోజు రూట్ పాస్‌వర్డ్ పోయిందని చెప్పి, మెషీనును లేపేటప్పుడే లోపలికి పోయే దారి పట్టించాలి. ఒకరోజు డేటాబేస్ మొత్తం తుడిచేసి, గడియారం పెట్టి, బ్యాకప్ నుంచి లేపమనాలి. తిరిగి లేపి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదని గిట్‌ల్యాబ్ కథే చెబుతోంది. మూడో నెల, ఇదే పని చేత్తో కాకుండా బ్యాష్ స్క్రిప్టుతో, ఆన్సిబుల్‌తో చేయించాలి. ఎల్1 నుంచి పైకి ఎక్కించే నిచ్చెన అదే.

ప్రతి రిపేరు తర్వాత పిల్లలు ఒక పేజీ రాయాలి. ఏం కనబడింది, ఏం అనుకున్నాం, అసలు కారణం ఏమిటి, ఎట్లా బాగుచేశాం. ముందు తెలుగులో రాయనివ్వండి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకుంటారు. ఇంగ్లీషు భయంతో ఈ పని వదిలేయకండి. సర్వరు మాట్లాడే ఇంగ్లీషు చాలా చిన్నది. 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అంటే చోటు లేదు. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటే తలుపు తీయలేదు. 'పర్మిషన్ డినైడ్' అంటే నీకు అనుమతి లేదు. ఈ మూడు మాటలూ మన తాత ముత్తాతలు వేల ఏళ్లుగా విన్నవే. తేడా ఒక్కటే, ఇక్కడ అనుమతి ఎవరు ఆపారో కనిపెట్టి మార్చే కమాండు ఉంది.

పరీక్షల్లో కూడా మంచివాటిని ఎంచుకోవాలి. రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించడం ఉండదు. మెషీను ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు. మెషీను ఆపి మళ్లీ వేసినా నువ్వు చేసిన పని నిలిచి ఉండాలి. అట్లాంటి పరీక్షకు బట్టీ పనికిరాదు, ఇంటిపేరూ పనికిరాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డబ్బు కట్టే ముందు అడగండి: ఒక్కొక్కరికి ఒక మెషీను ఇస్తారా? దాని మీద రూట్ హక్కు మాకుంటుందా? వారంలో ఎన్ని గంటలు? చెడగొట్టి లేపే అభ్యాసాలు ఎన్ని? ఇవి కాగితం మీద రాసిస్తారా? 'అనుభవం కూడా మేమే పెట్టిస్తాం' అన్నారంటే చెప్పులేసుకుని బయటికి రండి.

ఎవరేం చేయాలి?

ప్రభుత్వాలు: సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది, తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఆ డబ్బులో నుంచి తలకింత అని ఇన్‌స్టిట్యూట్‌లకు ఫీజు కట్టి, సర్టిఫికెట్లు లెక్కబెట్టి చేతులు దులుపుకోవడం ఆపాలి. ప్రతి జిల్లాలో ఎస్సీ హాస్టల్ పక్కన రాత్రి పది దాకా తెరిచి ఉండే ప్రాక్టీసు ల్యాబు పెట్టాలి. నేర్చుకునే ఆరు నెలలూ భృతి ఇవ్వాలి. కూలికి పోకపోతే ఇల్లు గడవనివాడికి ఉచిత కోర్సు కూడా ఖరీదే.

కంపెనీలు: ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదని తప్పించుకుంటున్నారు. సరే, 1961 అప్రెంటిస్ చట్టం మాటేమిటి? ఆ చట్టం ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. నిర్దేశిత ట్రేడుల్లో శిక్షణ సీట్లను ఎస్సీ ఎస్టీలకు కేటాయించాలని దాని 3-ఎ సెక్షన్ చెబుతోంది. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. మన సంఘాలు కంపెనీలకు ఉత్తరాలు రాసి అడగాలి: మీ దగ్గర ఎంతమంది అప్రెంటిస్‌లు? అందులో మనవాళ్లెందరు? వాళ్లను సర్వరు దగ్గర కూర్చోబెడుతున్నారా, కాఫీ కప్పుల దగ్గరా?

మనవాళ్లు: ఇప్పటికే ఈ పనిలో స్థిరపడ్డ మన అన్నలూ అక్కలూ కులం దాచుకుని బతుకుతున్నారని మాకు తెలుసు. ఆ భయం ఎందుకో కూడా తెలుసు. బయటికొచ్చి జెండా పట్టమని అడగడం లేదు. ఆదివారం రెండు గంటలు ఇవ్వండి. ఒక్కొక్కరు ఇద్దరికి పని నేర్పండి. మీ కంపెనీలో ఖాళీ వస్తే ఆ ఇద్దరి పేర్లు ముందు చెప్పండి. వాళ్లకు మేనమామలున్నారు, మన పిల్లలకు మీరే ఉన్నారు. ఆఫీసుల్లో పక్కన పడేసే పాత మెషీన్లు ఉంటే, డిస్కు శుభ్రంగా తుడిచి వాడకు పంపేట్టు చూడండి.

మన బతుకులు ఇవాళ సర్వర్లకు ఎక్కాయి. బియ్యం, పింఛను, స్కాలర్‌షిప్, కూలి డబ్బు అన్నీ అక్కడి నుంచే రావాలి. అది పడిపోయినప్పుడు క్యూలో నిలబడి ఎదురుచూసేది మనమే అయినప్పుడు, దాన్ని లేపే చేతుల్లో మన చేతులు ఎందుకుండకూడదు? మన పిల్లలకు మెషీను ఇవ్వండి. చెడగొట్టనివ్వండి. బాగుచేసి చూపిస్తారు.